తలుపు తాళం సిలిండర్ మార్చడం ఎలా?

తాళంచెవి పోయిందనో, గట్టిగా తిరుగుతోందనో వడ్రంగిని పిలిస్తే తలుపును ఓసారి అటూ ఇటూ ఊపి, "సెట్టు మొత్తం మార్చాలండీ" అంటాడు. అక్కర్లేదు. హ్యాండిల్ కింద తాళంచెవి దూర్చే చోటు, చెక్కలో ఇమిడిన ఇనుప పెట్టె ఉన్న మోర్టైజ్ లాక్ అయితే, చాలాసార్లు మార్చవలసింది సిలిండర్ ఒక్కటే, అంటే తాళంచెవి దూరే లోహపు ముక్క. సెట్టు మారిస్తే కొత్త పెట్టె పాత గాడిలో చాలాసార్లు పట్టదు. ఉలి పట్టి మంచి టేకు తలుపును చెక్కుతారు, మిగిలిన సందుల్లో పుట్టీ కూరుతారు, పైన పాలిష్ పూసి చేతులు దులుపుకుంటారు.

అసలు తాళం చెడిందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. తలుపు బార్లా తెరిచి తాళంచెవి తిప్పండి. అప్పుడు సాఫీగా తిరిగి, మూసినప్పుడు మాత్రమే మొరాయిస్తే తాళం తప్పేమీ లేదు. వానలకు చెక్క ఉబ్బో, మడతబందులు సడలి తలుపు కుంగో గడియ దాని రంధ్రానికి ఎదురుగా రావడం లేదన్నమాట. మడతబందుల స్క్రూలు బిగించండి. చాలకపోతే ద్వారబంధానికి ఉన్న పలక రంధ్రాన్ని ఆకురాయితో కాస్త అరగదీయండి. పని అయిపోయింది.

తలుపు తెరిచినా తాళంచెవి గట్టిగానే తిరుగుతుంటే, మెత్తటి పెన్సిల్ ములుకును పొడి చేసి తాళంచెవికి రాసి పదిసార్లు తిప్పి చూడండి. కొబ్బరినూనె మాత్రం పోయకండి. మన ఇళ్లలో తాళాలను చంపుతున్నది దొంగలు కాదు, కొబ్బరినూనె. సిలిండర్ లోపల చిన్న పిన్నులు, వాటి వెనక సన్నటి స్ప్రింగులు ఉంటాయి. 1861లో లైనస్ యేల్ జూనియర్ అమెరికాలో పేటెంట్ పొందిన తాళం పనిచేసింది కూడా ఈ పద్ధతిలోనే. నూనె పోసిన కొత్తలో అన్నీ హాయిగా కదులుతాయి. తరవాత దుమ్ము చేరి జిడ్డు ముద్దవుతుంది. పైగా కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది. డిసెంబరు తెల్లవారుజామున హైదరాబాదులో తాళం ఎందుకు తిరగదో వేరే చెప్పాలా?

పెన్సిల్ పొడికీ లొంగకపోతేనే సిలిండర్ మార్చండి. తాళంచెవి పోయి ఎవరికైనా దొరికిందన్న అనుమానం ఉన్నా మార్చాల్సిందే. కావలసినవి స్టార్ స్క్రూడ్రైవర్, స్కేలు. డ్రిల్ మిషన్ ఈ పనికి నిషిద్ధం. పగలు, ఇంట్లో మరొకరు ఉండగా మొదలుపెట్టండి.

తలుపు తెరిచి దాని అంచు చూడండి. గడియ బయటికి వచ్చే లోహపు పట్టీ మీద, సరిగ్గా సిలిండర్‌కు ఎదురుగా ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని పూర్తిగా విప్పి తీయండి. పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి. పట్టీకి పైనా కిందా ఉన్న స్క్రూల జోలికి, హ్యాండిల్ జోలికి వెళ్లకండి.

ఇక్కడే అందరూ పని చెడగొడతారు. స్క్రూ తీశాక సిలిండర్ దానంతట అది రాదు. రాలేదని సుత్తి అందుకుంటారు. ఆగండి. సిలిండర్ మధ్యలో తాళంచెవితో పాటు తిరిగే చిన్న ముక్క ఉంటుంది, గడియను నడిపేది అదే. షాపులో క్యామ్ అంటారు. తాళంచెవి తీసేసినప్పుడు క్యామ్ ఒక పక్కకు పొడుచుకొచ్చి పెట్టెకు అడ్డుపడుతుంది. తాళంచెవి లేనివాడు సిలిండర్‌ను లాగేయకుండా ఉండడానికే ఆ ఏర్పాటు.

కాబట్టి తాళంచెవి పెట్టి కొద్దిగా తిప్పండి. గడియారంలో నిమిషాల ముల్లు రెండు మూడు నిమిషాల్లో జరిగేంత, అంతే. ఒక చేత్తో అలా తిప్పుతూ, రెండో చేతి వేలితో అవతలి వైపు నుంచి సిలిండర్‌ను మెల్లగా నెట్టండి. కదలకపోతే ఇంకాస్త తిప్పండి, అదీ కాకపోతే రెండో వైపు తిప్పి చూడండి. క్యామ్ సిలిండర్ ఒంటితో సమానమైన క్షణంలో అది దానంతట జారుతుంది. బలం పెట్టాల్సి వస్తోందంటే క్యామ్ ఇంకా అడ్డంగానే ఉందని అర్థం. తాళంచెవిని పట్టుకుని లాగకండి, విరిగి లోపలే ఉండిపోతుంది. సుత్తితో కొడితే సిలిండర్ స్క్రూ రంధ్రం దగ్గర, అంటే తన సన్నటి చోట, రెండు ముక్కలవుతుంది. ఆ తరవాత నిజంగానే సెట్టు మొత్తం మార్చాల్సి రావచ్చు.

చెవులన్నీ పోయి, లోపలి వైపు తిప్పే నాబ్ ఉంటే దానితోనే ఈ పని చేయవచ్చు. నాబ్ కూడా లేకపోతే తాళాలు బాగుచేసే మనిషిని పిలవండి.

బయటికొచ్చిన సిలిండర్‌ను కొలవండి. స్క్రూ రంధ్రం మధ్య నుంచి రెండు కొసలకూ విడివిడిగా కొలవాలి. 60 మిల్లీమీటర్లంటే ఎక్కువగా 30, 30 అనే అర్థం, కానీ మందపాటి తలుపులకు రెండు వైపులా సమానంగా ఉండకపోవచ్చు. పాతదాన్నే షాపుకు పట్టుకెళ్లండి. ఇత్తడిదే కొనండి, చేతిలో బరువు తెలియాలి. లోపలి వైపు నాబ్ ఉండాలి. రెండు వైపులా తాళంచెవే ఉంటే, అర్ధరాత్రి పొగ కమ్మినప్పుడు చెవి కోసం వెతుక్కుంటూ కూర్చోవాలి. అయితే తలుపు పక్కన, పగలగొడితే చెయ్యి దూరే అద్దం ఉన్నవాళ్లకు నాబ్ పనికిరాదు. బయటి వైపు సిలిండర్ కొస హ్యాండిల్ ప్లేటు కంటే రెండు మూడు మిల్లీమీటర్లకు మించి పొడుచుకు రాకూడదు. వస్తే పట్టుకారుతో పట్టి విరవడం సులువు.

బిగించడానికి అదే కిటుకు: క్యామ్‌ను ఒంటితో సమానం చేసి లోపలికి జార్చండి. స్క్రూను వేళ్లతోనే పట్టించి, తాళంచెవి తిప్పి చూసి, అప్పుడు చివరి అరచుట్టు బిగించండి. మరీ బిగిస్తే సిలిండర్ పక్కకు లాగి చెవి పట్టేస్తుంది. కొత్త చెవులన్నిటినీ తలుపు తెరిచే ఉంచి, రెండు వైపుల నుంచీ పరీక్షించండి. మొదటిసారి తలుపు మూసేటప్పుడు ఒకరు లోపల, ఒకరు బయట ఉండాలి, బయటివారి చేతిలో స్క్రూడ్రైవర్ కాదు, తాళంచెవి ఉండాలి.