ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ని విప్పి, మళ్లీ కట్టడం ఎలా?

లినక్స్ బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్‌తో (లినక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) పాటు మెమరీలోకి వచ్చే ఫైల్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్. అసలు డిస్క్‌ని మౌంట్ చేయడానికి, అంటే వాడకానికి తగిలించడానికి, కావాల్సిన డ్రైవర్లు, స్క్రిప్టులు ఇందులోనే ఉంటాయి. చూడటానికి బ్రహ్మపదార్థంలా ఉంటుంది గానీ లోపలున్నది సీపీఐఓ అనే పాతకాలపు ఆర్కైవే, దాన్ని జీజిప్‌తోనో జెడ్‌స్టాండర్డ్‌తోనో కుదించి పెడతారు. కింద చెప్పేది డెబియన్, ఉబుంటు సిస్టమ్‌లకు.

1. బూట్ ఫోల్డర్‌లో ఇనిట్‌ఆర్‌డీ అని మొదలయ్యే ఫైల్‌ని ఇంకోచోటికి కాపీ చేసుకోండి. అసలు ఫైల్ జోలికి పోవద్దు.

2. విప్పడానికి అన్‌ఎంకేఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే కమాండ్ ఉంది. దానికి సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్) తగిలించి, ముందు కాపీ పేరు, తర్వాత ఖాళీ ఫోల్డర్ పేరు ఇస్తే చాలు. చాలా సిస్టమ్‌లలో లోపల ఎర్లీ, మెయిన్ అని వేర్వేరు ఫోల్డర్లు కనిపిస్తాయి. ఎర్లీలో ఉండేది ప్రాసెసర్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి తప్పులు సరిచేసే అప్‌డేట్), మనకు పని ఉండేది మెయిన్‌తోనే.

3. మార్చాల్సింది మార్చండి. మెయిన్‌లో పైనే ఉండే, కెర్నెల్ మొదట నడిపే ఇనిట్ స్క్రిప్ట్‌కి ఎగ్జిక్యూట్ పర్మిషన్ పోకుండా చూసుకోండి.

4. మళ్లీ కట్టడం దగ్గరే అందరూ బోల్తా పడతారు, నేనూ పడ్డాను. సీడీ కొట్టి మెయిన్ లోపలికి వెళ్లి, అక్కడి నుంచే ఫైండ్ నడిపి, దాని అవుట్‌పుట్‌ని పైప్‌తో సీపీఐఓకి, అక్కడి నుంచి జీజిప్‌కి పంపాలి. బయటి నుంచి నడిపితే ప్రతి పేరు ముందూ మెయిన్ అని చేరిపోతుంది, కెర్నెల్‌కి ఇనిట్ దొరకదు, పానిక్ మెసేజ్ ఇచ్చి ఆగిపోతుంది. సీపీఐఓకి న్యూసీ ఫార్మాట్ అని తప్పకుండా చెప్పాలి, చెప్పకపోతే అది వేరే పాత ఫార్మాట్‌లో కడుతుంది, దాన్ని కెర్నెల్ ఒప్పుకోదు. కుదించడానికి జీజిప్ బదులు ఎక్స్‌జెడ్ కావాలంటే దాని చెక్‌ని (ఫైల్ పాడైందో లేదో చూసే పద్ధతి) సీఆర్‌సీ32గా పెట్టండి, దాని డిఫాల్ట్ సీఆర్‌సీ64 ఇక్కడ పనికిరాదు.

5. ఎర్లీ ఫోల్డర్‌ని కూడా ఇలాగే కట్టండి, కాకపోతే కుదించకుండా. తర్వాత క్యాట్‌తో ముందు ఎర్లీ, వెనక మెయిన్ వచ్చేలా ఒకే ఫైల్‌గా కలపండి. ఈ వరస తప్పితే మైక్రోకోడ్ లోడ్ కాదు.

6. కొత్త ఫైల్‌ని బూట్ ఫోల్డర్‌లో వేరే పేరుతో పెట్టి రీబూట్ చేయండి. బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో ఇంగ్లిష్ అక్షరం ‘ఈ’ నొక్కి, ఇనిట్‌ఆర్‌డీ లైన్‌లో పేరు మార్చి బూట్ చేయండి. ఆ మార్పు ఆ ఒక్క బూట్‌కే కాబట్టి పాడైనా టెన్షన్ లేదు, మళ్లీ రీస్టార్ట్ చేస్తే పాత ఫైల్‌తోనే లేస్తుంది.

ఇదంతా టెస్టింగ్‌కి, రిపేర్‌కి మాత్రమే. మార్పు శాశ్వతంగా ఉండాలంటే ఈటీసీలోని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ టూల్స్ ఫోల్డర్‌లో హుక్ స్క్రిప్ట్ (ఈ ఫైల్ తయారైన ప్రతిసారీ దానంతటదే నడిచేది) రాసి అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ కమాండ్ నడపండి, ఎందుకంటే చేత్తో కట్టిన ఫైల్‌లోని మార్పులు తర్వాత వచ్చే కొత్త కెర్నెల్ ఫైల్‌లోకి రావు.