పది తర్వాత గ్రూపు ఎంచుకోవాలా? ముందు పది రోజులు ఆ పుస్తకాలతో కూర్చోబెట్టండి

పదో తరగతి పరీక్షలు అయిన వారం నుంచే మా వీధిలో కాలేజీల పీఆర్వోలు తిరగడం మొదలవుతుంది. చేతిలో ర్యాంకుల ఫొటోలున్న కాగితం, నోట్లో "ఇవాళే సీటు బుక్ చేసుకుంటే ఫీజు తగ్గిస్తాం సార్" అనే మాట. ఫలితాలు రాకముందే సగం ఇళ్ళలో పిల్లల ఇంటర్ గ్రూపు తేలిపోతుంది. నేను గుంటూరులో ఎకనామిక్స్ జూనియర్ లెక్చరర్‌ని. ఇరవై రెండేళ్ళుగా వేసవి సెలవుల చివర్లో అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చుంటున్నాను. దరఖాస్తులో గ్రూపు రాయాల్సిన చోటికి వచ్చేసరికి చాలామంది పిల్లల పెన్ను ఆగిపోతుంది. తలెత్తి పక్కనున్న నాన్న వంకో, అమ్మ వంకో చూస్తారు. వాళ్ళు చెప్పింది రాస్తారు.

1993లో నేనూ అలాగే రాశాను. మా నాన్నగారు మిర్చి యార్డులో ఒక కొట్లో గుమస్తా. పదిలో నాకు మంచి మార్కులు వచ్చాయి, ఆ కొట్టు యజమాని కూతురు అప్పటికే మెడిసిన్ చదువుతోంది. ఇంక వేరే ఆలోచన లేకుండా బైపీసీలో (బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ) చేర్పించారు. బోటనీ, జువాలజీ బాగానే చదివాను. ఫిజిక్స్ దగ్గర మాత్రం మొదటి నెలలోనే కూలబడ్డాను. వెక్టర్లు అంటే ఏమిటో, బాణం గుర్తు ఎందుకు పెడుతున్నారో అర్థమయ్యేది కాదు. అప్పటి మెడిసిన్ ప్రవేశ పరీక్ష ఎంసెట్ రెండుసార్లు రాశాను, రెండోసారి ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని మరీ. సీటు రాలేదు. తర్వాత బీఏలో చేరి ఎకనామిక్స్ పుస్తకం తెరిచిన మొదటి వారంలోనే, ఎవరూ చెప్పకుండా రెండో పాఠం చదువుకున్నాను. అప్పటికి నా వయసు పంతొమ్మిది. ఆ పుస్తకం పదిహేనేళ్ళప్పుడు ఒక్కసారి నా చేతికి వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి తల్లికీ, తండ్రికీ ఒకటే చెబుతున్నాను. డబ్బు కట్టకముందు ఇంటర్ మొదటి సంవత్సరం పుస్తకాలు తెచ్చి పిల్లల ముందు పెట్టండి. ఒక గ్రూపువి కాదు, కనీసం రెండు గ్రూపులవి. విజయవాడ వాళ్ళయితే లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లలో చూడండి. వీధిలో నిరుటి పిల్లలుంటే అడిగి తెచ్చుకోండి. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకాలు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కావాల్సిన పాఠం ఒక్కటి జిరాక్సు తీయించండి, ఫోన్‌లో చదివితే పిల్లలు పక్కకి పోతారు.

పది రోజులు చాలు. రోజూ పొద్దున గంటన్నర, ఎండ ముదరకముందు. ఫిజిక్స్‌లో సరళరేఖా చలనం పాఠం, గణితంలో త్రికోణమితి ప్రమేయాలు, బయాలజీలో కణం, కామర్స్‌లో జర్నల్ ఎంట్రీలు, ఎకనామిక్స్‌లో డిమాండ్. ఇందులో పిల్లకి ఏ రెండు గ్రూపుల మధ్య ఊగిసలాట ఉందో వాటికి చెందిన పాఠాలు తీసుకోండి. మొదటి రోజు ఊరికే చదవమనండి. రెండో రోజు అభ్యాసంలో ఉన్నవి సొంతంగా చేయమనండి. మూడో రోజు ఆ సబ్జెక్టు తెలిసిన వాళ్ళెవరైనా, స్కూలు టీచరో మేనమామో, ఒక గంట చెబితే వినమనండి. నాలుగో రోజు మళ్ళీ తనే. తర్వాత రెండో గ్రూపు పాఠాలతో ఇదే వరస. మిగిలిన రోజులు ఏది కావాలంటే అది చదువుకోనివ్వండి. ఆ రోజుల్లో చేయి ఏ పుస్తకం మీదికి వెళ్తుందో మీరు పక్క గదిలోంచే గమనించవచ్చు.

మార్కులు వేయకండి, "ఎన్ని వచ్చాయి?" అని అడగకండి. చూడాల్సింది వేరే ఉంది. లెక్క రాకపోతే పిల్ల ఏం చేస్తోంది? పుస్తకం మూసేస్తోందా, జవాబు కోసం చివరి పేజీలు తిప్పుతోందా, మళ్ళీ మొదటి లైను నుంచి చూసుకుంటోందా? అన్నం తింటూ దాని గురించి ఏమైనా మాట్లాడిందా? ఇంటర్‌లో పిల్లలకు రోజూ ఎదురయ్యేది రాని లెక్కే. రాని లెక్కతో రెండేళ్ళు కాపురం చేయగలిగే సబ్జెక్టు ఏదో తెలిస్తే గ్రూపు దాదాపు తేలినట్టే.

మా మేడ మీద అద్దెకుండేవాళ్ళ అబ్బాయి సంగతి చెబుతాను. పదిలో గణితం 100కి 62. వాళ్ళన్న ఇంజినీరింగ్ కాబట్టి ఇతన్నీ ఎంపీసీ (గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ) అనుకున్నారు. నేను అడిగితే పది రోజులు ఒప్పుకున్నారు. ఫిజిక్స్ పాఠం రెండు రోజులు చూసి పక్కన పెట్టాడు. కామర్స్ పాఠాలు కూడా ఇచ్చి, చిన్న కిరాణా కొట్టు లావాదేవీలు ఓ ముప్పై రాసి డెబిట్లు, క్రెడిట్లు సరిపోయాయో చూసే ట్రయల్ బ్యాలెన్స్ వేయమన్నాను. డెబిట్, క్రెడిట్ మధ్య 90 రూపాయల తేడా వచ్చింది. ఆ రాత్రి పదకొండు దాకా లైటు తీయలేదట. తెల్లారి వచ్చి, "ఆంటీ, తేడా తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా పోయింది, అంటే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయి" అన్నాడు. నేను ముందురోజు మాటల్లో చెప్పిన చిట్కా అది. 540ని ఒకచోట 450 అని ఎక్కించాడు, తనే పట్టుకున్నాడు. పదిలో 62 వచ్చిన పిల్లాడు! సీఈసీలో (కామర్స్, ఎకనామిక్స్, సివిక్స్) చేరాడు. ఇప్పుడు విజయవాడలో గవర్నర్‌పేట వైపు ఒక ఆడిటర్ దగ్గర ఆర్టికల్స్ (సీఏ చదువులో భాగమైన శిక్షణ) చేస్తున్నాడు.

పది మార్కులు బొత్తిగా పనికిరావని కాదు. మొత్తం 600కి ఎన్ని అని కాకుండా, ఏ ప్రశ్నలో పోయాయో చూడండి. గణితంలో సూత్రం పెట్టి చేసేవన్నీ వచ్చి, "నిరూపించండి" అన్నవి పోతుంటే ఎంపీసీలో మొదటి ఆరు నెలలు కష్టపడాలి. పిల్లాడు దానికి సిద్ధమైతే పర్వాలేదు, తెలియకుండా దిగితే మాత్రం కష్టం. సైన్సులో భౌతిక శాస్త్రం, జీవ శాస్త్రం చెరో 50 మార్కుల పేపర్లు కాబట్టి రెండూ విడివిడిగా చూసుకోవచ్చు. జీవ శాస్త్రంలో 48, భౌతిక శాస్త్రంలో 31 వస్తే బైపీసీ అని సంబరపడకండి. అక్కడే ఎక్కువమంది దెబ్బతింటున్నారు.

ఈ మాట కొంచెం గట్టిగానే చెప్పాలి. "లెక్కలు రావు కాబట్టి బైపీసీ" అని మన ఊళ్ళలో ఎంత తేలిగ్గా అనేస్తారో! బైపీసీలో గణితం పేపరు ఉండదు, నిజమే. ఫిజిక్స్, కెమిస్ట్రీ మాత్రం ఎంపీసీ వాళ్ళకు ఉన్నవే ఉంటాయి. సైన్, కాస్ రాకుండా ప్రక్షేపక చలనం (విసిరిన వస్తువు కదలిక) రాదు. లాగరిథమ్ చూడటం రాకుండా కెమిస్ట్రీలో పీహెచ్ లెక్క రాదు. ఎంపీసీ పిల్లలకు అవి గణితం క్లాసులో ఎవరో నేర్పుతారు, బైపీసీ పిల్లలు ఫిజిక్స్ క్లాసులోనే అప్పటికప్పుడు పట్టుకోవాలి. ఇప్పటి మెడిసిన్ ప్రవేశ పరీక్ష నీట్‌లో 720 మార్కులుంటే బయాలజీకి 360, ఫిజిక్స్‌కి 180, కెమిస్ట్రీకి 180. అంటే సగం మార్కులు పిల్ల భయపడి పారిపోయి వచ్చిన చోటే ఉన్నాయి. తప్పు జవాబుకి ఒక మార్కు కోత కూడా. నాకు జరిగింది ఇదే. మీ అమ్మాయికి జరగకూడదని ఇంతగా చెబుతున్నాను. బైపీసీ వద్దని అనడం లేదు. ఆ పది రోజుల్లో ఫిజిక్స్ పాఠం తప్పనిసరిగా పెట్టండి అంటున్నాను.

బైపీసీ అంటే డాక్టరే అనుకోవడం ఇంకో పొరపాటు. మనకు పక్కనే లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది, గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. బీఎస్సీ అగ్రికల్చర్, వెటర్నరీ, నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ, ఇవన్నీ ఈ గ్రూపువే. మొక్కలన్నా పశువులన్నా ఇష్టమున్న పిల్లని ఒక్క ఎంబీబీఎస్ సీటు కోసం మూడేళ్ళు లాంగ్ టర్మ్‌లో కూర్చోబెట్టి, చివరికి అన్నీ మాన్పించిన ఇళ్ళు నేను చూశాను.

ఎంపీసీ గురించి మీకు అందరూ చెబుతారు, నేను తక్కువే చెబుతాను. మన రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 160 ప్రశ్నలకు 80 గణితమే. కాబట్టి గణితం మీద ఇష్టం లేకుండా, "కంప్యూటర్ ఉద్యోగం వస్తుంది" అని మాత్రమే చేరితే రెండేళ్ళూ సగం రోజు ఇష్టం లేని పనే. తలుపుల లెక్క చూస్తే మాత్రం ఎంపీసీ వాళ్ళకు మూసుకునేవి తక్కువ. బీటెక్, పైలట్, మర్చంట్ నేవీ, నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో నేవీ, ఎయిర్‌ఫోర్స్, వీటికి గణితం, ఫిజిక్స్ తప్పవు. మన విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో చేరాలన్నా గణితం ఉండాలి. బొమ్మలు బాగా వేసే పిల్లలకు ఆ చదువు ఒకటుందని చాలా ఇళ్ళలో తెలియదు.

మరి గణితం అంటే ప్రాణం, ఫిజిక్స్ అంటే తలనొప్పి అనే పిల్లలో? వాళ్ళ కోసం ఎంఈసీ ఉంది. ఎంపీసీ వాళ్ళు చదివే గణితమే, దానికి తోడు ఎకనామిక్స్, కామర్స్. స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ డిగ్రీలు, సీఏ, బ్యాంకు పరీక్షలు, ఎటైనా వెళ్ళవచ్చు. నేను ఎకనామిక్స్ మనిషిని కాబట్టి పక్షపాతం అనుకున్నా సరే, మన గుంటూరు, విజయవాడల్లో అన్యాయంగా పక్కన పడిపోయిన గ్రూపు ఇదేనని నా అభిప్రాయం. చాలా కాలేజీలు దీన్ని పెట్టవు. ముందు కాలేజీ కుదుర్చుకుని తర్వాత గ్రూపు అడిగితే, అక్కడున్న రెండు గ్రూపుల్లో ఒకటి మీ పిల్లకి అంటగడతారు. గ్రూపు తేల్చుకున్నాకే కాలేజీ వెతకండి. ఆ పీఆర్వో గారిని అప్పటిదాకా గుమ్మం దగ్గరే ఉంచండి.

సీఏ అనుకునేవాళ్ళకు ఒక్క మాట. ఏ గ్రూపు వాళ్ళయినా సీఏ మొదటి మెట్టు ఫౌండేషన్ పరీక్ష రాయవచ్చు. నాలుగు పేపర్లు, ఒక్కోదానిలో కనీసం 40, మొత్తం మీద 50 శాతం రావాలి. అందులో ఒక పేపరు లెక్కలు, లాజిక్, స్టాటిస్టిక్స్. కాబట్టి సీఈసీలో చేరినా లెక్కలు పూర్తిగా వదిలేయకూడదు. లా చదవాలనుకుంటే ఇంటర్ ఏ గ్రూపయినా ఐదేళ్ళ కోర్సు ప్రవేశ పరీక్ష రాయవచ్చు. సివిల్స్‌కీ, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్-2 పరీక్షకీ కావాల్సింది డిగ్రీ. హెచ్‌ఈసీ (చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్), సీఈసీ చదివిన పిల్లలకు పాలిటీ, ఎకానమీ అప్పటికే పరిచయమై ఉంటాయి, హెచ్‌ఈసీ వాళ్ళకు చరిత్ర కూడా. "మార్కులు తక్కువొచ్చిన వాళ్ళు తీసుకునే గ్రూపులు" అని వీటిని పిల్లల ముందు మాత్రం అనకండి. ఆ మాట విన్న పిల్లలు నా క్లాసులో మొదటి మూడు నెలలు తల దించుకునే కూర్చుంటారు.

2025-26 నుంచి మన రాష్ట్రంలో ఇంటర్ కొంత మారింది. గణితం ఎ, బి పేపర్లు కలిపి ఒకటి చేశారు. బోటనీ, జువాలజీ కలిసి బయాలజీ అయ్యాయి. గణితం, బయాలజీ రెండూ చదివే ఎంబైపీసీ కూడా వచ్చింది. "ఏదీ తేల్చుకోలేకపోతున్నాం, అదే తీసుకుంటాం" అని ఇప్పుడు చాలామంది అంటున్నారు. రెండు పుస్తకాలూ నిజంగా ఇష్టపడి చదివే పిల్లయితే మంచిదే. తేల్చుకోలేక తీసుకుంటే ఇద్దరి బరువు ఒకరి మీద పడుతుంది. ఇంకో పదిహేను రోజులు ఆగి తేల్చుకోవడం మేలు. నిరుటి పిల్లలు చెప్పే మార్కుల లెక్కలు, పాత మోడల్ పేపర్లు నమ్మకుండా ఈ ఏడాది సిలబస్ కాగితం కాలేజీలో అడిగి తీసుకోండి.

ఇంటరే చదవాలని కూడా లేదు. చేతిపని ఇష్టమున్న పిల్లలు పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చేసి, డిప్లొమా వాళ్ళ ప్రవేశ పరీక్ష ఈసెట్ ర్యాంకుతో బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. పదిలో బాగా మార్కులొచ్చిన వాళ్ళకు నూజివీడు ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ళ చదువు ఉంది.

ఇంట్లో మాట తేలకపోతే ఏం చేయాలి? ఇది పిల్లలకు చెబుతున్నాను. "నాకు ఇష్టం లేదు" అన్న ఒక్క మాటతో నాన్న మారరమ్మా. మా నాన్నగారి దగ్గర నేను ఆ మాట కూడా అనలేదు, ఏడ్చి ఊరుకున్నాను. నువ్వు ఆ పది రోజుల్లో చేసిన నోటుబుక్ తీసుకెళ్ళి చూపించు. ఎక్కడ ఆగిపోయావో, ఎక్కడ సొంతంగా చేశావో పేజీ తిప్పి చూపించు. నీకు కావాల్సిన గ్రూపు తర్వాత ఏ డిగ్రీ, ఏ పరీక్ష, ఎన్నేళ్ళు, ఎంత ఖర్చు, ఒక కాగితం మీద రాసివ్వు. వాళ్ళ భయమంతా ఉద్యోగం గురించే. అవి కాగితం మీద కనబడితే సగం టెన్షన్ తగ్గుతుంది. నాన్న వినకపోతే బాబాయినో, పెద్దమ్మనో, నిన్ను బాగా ఎరిగిన స్కూలు టీచర్నో పక్కన కూర్చోబెట్టుకో.

కాలేజీకి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళు ల్యాబ్ తాళం తీయించి చూడాలి. బీకర్ల మీద దుమ్ముంటే ప్రాక్టికల్స్ ఎలా జరుగుతున్నాయో అర్థమవుతుంది. ఆ గ్రూపులో నిరుడు చదివిన ఇద్దరి ఇళ్ళకు వెళ్ళి మాట్లాడండి, ర్యాంకు రాని పిల్లలతో కూడా. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు వాటికి జిరాక్సులు ఇంట్లో ఉంచుకోండి, ఇచ్చినట్టు కాగితం తీసుకోండి.

చేరాక మొదటి నెల నోటుబుక్కులు మీరే చూడండి. ఒక సబ్జెక్టులో బోర్డు మీది లెక్క దించుకోవడమే తప్ప సొంతంగా చేసినది ఒక్కటీ లేకపోతే ఆ వారమే లెక్చరర్ని కలవండి. గ్రూపు మార్చాలన్నా అప్పుడైతే పోయేది కొన్ని పాఠాలే. దసరా సెలవుల దాకా ఆగి మా దగ్గరికి వస్తే, ఆ ఏడాది మేం చేయగలిగింది చాలా తక్కువ.