ఆర్ లెక్కల్ని సీ కోడ్‌లోకి చేత్తో ఎక్కించకండి

చిత్తూరు దగ్గర మా బావ మామిడికాయలు మాగబెట్టే గదికి టెంపరేచర్ చూసే చిన్న బోర్డు చేసిచ్చాను. థర్మిస్టర్ (వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే సెన్సర్) టేబుల్‌లో 256 విలువలు. ఆర్ అనే గణాంకాల భాషలో లెక్కగట్టి, బోర్డు కోసం సీ భాషలో రాసిన ఫైల్‌లో చేత్తో కొట్టాను. మధ్యలో ఒకటి ఎగిరిపోయింది. సైజు 256 అని రాసి ఉంది కాబట్టి కంపైలర్ కిక్కురుమనలేదు, చివరి గడిలో 0 పెట్టేసుకుంది. ఎగిరిపోయినదాని తర్వాతివన్నీ ఒక గడి ముందుకు జరిగాయి. రెండు రాత్రులు నిద్ర లేదు!

ఇప్పుడు డిక్లరేషన్ (టేబుల్ పేరు, సైజు, విలువలు ఉండే సీ వాక్యం) మొత్తం ఆర్ చేతే రాయిస్తున్నా. సంఖ్యల్ని అక్షరాలుగా మార్చే స్ప్రింట్‌ఎఫ్‌కి వెక్టర్ (విలువల వరస) మొత్తం ఒకేసారి ఇస్తే అన్నిటినీ మారుస్తుంది. పేస్ట్‌లో కొలాప్స్‌కి కామా ఇచ్చి అతికించండి, సైజు దగ్గర లెంగ్త్ ఫంక్షన్ ఇచ్చింది పెట్టండి, రైట్‌లైన్స్‌తో హెడర్ ఫైల్ (సీ కోడ్ కలుపుకునే ఫైల్) లోకి పంపండి. అంతే.

ఫార్మాట్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఆర్ మామూలుగా 7 అంకెలే చూపిస్తుంది, డబుల్ (ఎక్కువ కచ్చితత్వం ఉండే దశాంశ సంఖ్య) చెక్కుచెదరకుండా పోవాలంటే 17 కావాలి. ఫ్లోట్ (తక్కువ కచ్చితత్వం ఉండేది) అయితే 9 చాలు, కానీ 'జి' ఫార్మాట్ వాడి చివర ఎఫ్ తగిలిస్తే 25 కాస్తా చుక్క లేకుండా '25ఎఫ్' అవుతుంది, సీ ఒప్పుకోదు. అందుకే చుక్క తప్పకుండా వచ్చే 'ఈ' ఫార్మాట్‌లో చుక్క తర్వాత 8 అంకెలు అడుగుతా.

మ్యాట్రిక్స్ అయితే ముందు టి ఫంక్షన్‌తో తిప్పండి. ఆర్ నిలువు వరసల్లో దాస్తుంది, సీ అడ్డ వరసల్లో. ఎన్ఏలు (విలువ లేని గడులు) ఉంటే ముందే ఏరేయండి.