పట్టుచీరల బీరువాకు మొగలి రేకులు

వానాకాలంలో బీరువా తెరవగానే పట్టుచీరల నుంచి ముక్కవాసన వస్తుంది. కలరా ఉండలు వేస్తే చీర కట్టుకున్నంతసేపూ వాటి ఘాటే వెంట ఉంటుంది. ఆ కాలంలోనే దొరికే మొగలి పొత్తు ఒకటి తెచ్చుకుంటే ఒక బీరువాకు సరిపోతుంది. ఒడిశాలోని గంజాం ప్రాంతంలో అత్తరు తీసేది మగపూల పొత్తుల నుంచే. ఆడపూలకు ఆ పరిమళం ఉండదు కనుక వాసన చూసి కొనడం మంచిది.

రేకుల అంచుల్లోని ముళ్ళను కత్తెరతో తీసివేసి, పుప్పొడి అంతా రాలేటట్లు దులిపి, నూలుగుడ్డపై నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. ఎండలో పెడితే వాసన తొందరగా పోతుంది. తరువాత మూడేసి రేకులను పాత నూలు పంచె ముక్కలో మూటకట్టి, చీరల మడతల్లో కాక, అరకొకటి చొప్పున మూలగా ఉంచి, పరిమళం తగ్గగానే మార్చుకోవాలి.

ముసురు పట్టిన రోజుల్లో మాత్రం ఈ పని పెట్టుకోకూడదు. రేకుల్లో ఏమాత్రం తడి మిగిలినా బూజు పట్టి, మరక పట్టుకు అంటుకుంటుంది. పురుగుల మందుగా కూడా దీన్ని నమ్ముకోలేము కాబట్టి, చీరలను అప్పుడప్పుడు గాలికి ఆరవేయడం మానకూడదు.