పసిబిడ్డ క్రిబ్‌లో ఏం పరచాలి, ఒంటికి ఏం తొడగాలి

పసిబిడ్డ పడక కోసం సామాను కొనేటప్పుడు ఎవరి చెయ్యి అయినా ముందుగా మెత్తదనాన్నే వెతుకుతుంది. నొక్కితే లోపలికి దిగే పరుపు, బూరుగు దూది దిండు, మందపాటి రజాయి చూడగానే బిడ్డకు ఇంతకంటే హాయి ఏముంటుందని అనిపిస్తుంది. కాని మెడ ఇంకా నిలవని వయసులో ఆ మెత్తదనమే ప్రమాదం. ముఖం మెత్తటి గుడ్డలో కూరుకుపోతే ముక్కు, నోరు మూసుకుపోవచ్చు. పూర్తిగా మూసుకుపోకపోయినా, వదిలిన ఊపిరి మడతల మధ్యే నిలిచిపోయి, అందులోని కార్బన్ డయాక్సైడునే బిడ్డ మళ్ళీ మళ్ళీ పీల్చవలసి వస్తుంది. తల తిప్పుకొని తప్పించుకునే శక్తి ఆ పసికందుకు ఉండదు. అందుచేత క్రిబ్‌లో, అంటే చుట్టూ కడ్డీలున్న పసిబిడ్డ మంచంలో, గట్టి పరుపు, దానిపై బిగుతైన ఒక్క దుప్పటి మాత్రమే ఉంచి, చలికి కావలసిన వెచ్చదనాన్ని ఒంటిబట్టలతోనే సమకూర్చాలి. మీరు ఏ వస్తువు కొంటున్నా ఈ ఒక్క నియమంతో సరిచూసుకోండి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది పరుపు మీద. అరచేతితో మధ్యలోనూ, అంచుల దగ్గరా, నాలుగు మూలల్లోనూ గట్టిగా నొక్కి వదిలినప్పుడు అది వెంటనే యథాస్థితికి రావాలి. చేతి ముద్ర కాసేపైనా నిలిచిందంటే బిడ్డ తల కింద కూడా అలాగే గుంట పడుతుంది. ఒంటి ఆకారానికి తగ్గట్టు అణిగే మెమరీ ఫోమ్ పరుపులు పెద్దవాళ్ళకు సుఖంగా ఉంటాయేమో గాని, శిశువుకు పనికిరావు. గట్టి పరుపు కొని దానిపై మెత్తటి పొర పరిచినా ఫలితం అంతే. పరుపును క్రిబ్‌లో అమర్చాక దాని అంచుకూ క్రిబ్ గోడకూ మధ్య రెండు వేళ్ళకు మించి సందు ఉండకూడదు, ఎందుకంటే బిడ్డ దొర్లి ఆ సందులో ముఖం ఇరికించుకునే అవకాశం ఉంది. క్రిబ్ కడ్డీల మధ్య ఎడం సుమారు 6 సెంటీమీటర్లకు మించకుండా చూసుకోవాలి. ఇంతకుముందు మరో బిడ్డ వాడిన పరుపు అయితే మధ్యభాగం కుంగిందేమో, కుట్లు విడిపోయాయేమో పరిశీలించి, ఏమాత్రం అనుమానం ఉన్నా పక్కన పెట్టెయ్యండి. పరుపు సమతలంగా ఉండాలి. తలవైపు ఎత్తుగా ఉండే వాలు పడకల్లో బిడ్డ గడ్డం ఛాతీ మీదికి వాలి శ్వాసమార్గం నొక్కుకుపోతుంది.

దుప్పటి విషయంలో చూడవలసింది బిగుతు. నాలుగు వైపులా ఎలాస్టిక్ ఉండి, పరుపు అడుగుదాకా వెళ్ళి పట్టుకునే దుప్పటిని, ఆ పరుపు కొలతకే తయారైనదాన్ని ఎంచుకోండి. పరిచాక ఒక మూల పట్టుకుని గట్టిగా పైకి లాగి చూడండి. ఊడివస్తే బిడ్డ పిడికిలికీ ఊడివస్తుంది. నూలు దుప్పట్లు ఉతికినప్పుడు కొంత కుదించుకుపోతాయి కనుక ఈ పరీక్షను కొన్నరోజునే కాక, ఉతికి ఆరిన తరువాత కూడా చెయ్యాలి. మరీ కుదించుకుపోయిన దుప్పటి పరుపు మూలలను పైకి వంచి పక్కన ఖాళీ పుట్టిస్తుంది. తడవకుండా తొడుగు కావాలనుకుంటే పలుచనిది, పరుపుకు అంటిపెట్టుకుని ఉండేది దుప్పటి కిందే వెయ్యాలి. విడి ప్లాస్టిక్ షీటు ఎన్నటికీ వద్దు.

ఇక దిండ్లు, రజాయిలు, బొమ్మలు, బిడ్డను ఒకే భంగిమలో ఉంచుతాయని అమ్మే సాధనాలు, కడ్డీల చుట్టూ కట్టే మెత్తలు, ఇవేవీ క్రిబ్‌లో ఉండకూడదు. ఆ మెత్తలను, వాలు పడకలను అమెరికా 2022లో చట్టం చేసి మరీ నిషేధించింది. దిండు లేకపోతే తల ఆకారం చెడుతుందని పెద్దవాళ్ళు బెంగపడడం సహజమే. దానికి మందు దిండు కాదు. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళెదుటే కాసేపు బోర్లా పడుకోబెట్టడం, పడుకునేటప్పుడు తల తిరిగే వైపు మారుస్తూ ఉండడం మేలు చేస్తాయి. నిద్రకు మాత్రం ప్రతిసారీ వెల్లకిలానే పడుకోబెట్టాలి. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం అన్ననాళానికి పైన ఉంటుంది కాబట్టి, కక్కిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయన్న భయం అక్కరలేదు. అమెరికాలో 1994లో ఈ విషయమై ప్రచారం మొదలైన తరువాతి సంవత్సరాల్లో, నిద్రలో శిశువులు అకస్మాత్తుగా మరణించే రేటు సగానికి పైగా తగ్గింది. ఇంత చిన్న మార్పుతో ఇన్ని ప్రాణాలు నిలిచాయంటే దీన్ని ఏ ఒక్క రాత్రీ సడలించడానికి మనసు ఒప్పుకోకూడదు.

రజాయి తీసేస్తే చలి ఎలా అన్న ప్రశ్నకు స్లీప్ శాక్ మంచి సమాధానం. ఇది చేతులు బయటే ఉండి, నడుము నుంచి పాదాల దాకా సంచిలా మూసి ఉండే ఒంటిబట్ట. బిడ్డ కాళ్ళాడించినా ముఖం మీదికి జరగదు. కొనేటప్పుడు మెడ కొలతే కీలకం: జిప్పు వేశాక మెడ భాగంలోంచి తల లోపలికి జారిపోయేంత వదులుగా ఉండకూడదు. పెరుగుతాడు కదా అని ఒక సైజు పెద్దది కొనే అలవాటు ఇక్కడ హాని చేస్తుంది. స్లీప్ శాక్ ఎంత వెచ్చగా ఉంచుతుందో టాగ్ అనే కొలతతో సూచిస్తారు. సాధారణంగా గది ఉష్ణోగ్రత 24 డిగ్రీలు దాటితే 0.5 టాగ్, 20 నుంచి 24 మధ్య 1 టాగ్, 16 నుంచి 20 మధ్య 2.5 టాగ్ సరిపోతాయి. లోపల బరువు నింపిన సంచులు ఛాతీ కదలికకు అడ్డుపడవచ్చు కాబట్టి తీసుకోవద్దు. పొత్తిగుడ్డలో చుట్టేవారు పలుచటి గుడ్డ వాడి, తుంటి దగ్గర కాళ్ళు స్వేచ్ఛగా ముడుచుకునేంత వదులు ఉంచాలి. బిడ్డ పక్కకు ఒరగడానికి ప్రయత్నించడం మొదలుపెట్టిన రోజే చుట్టడం మానెయ్యాలి. చేతులు కట్టుబడి ఉండగా బోర్లా పడితే తిరిగి లేవలేడు.

ఒంటిబట్టలను తిరగేసి చూడకుండా తొడగవద్దు. టిచ్ బటన్లను ఒక్కొక్కటిగా లాగి చూడండి, ఊడినవి నోట్లోకి పోతాయి. మెడ దగ్గర నాడాలు, రిబ్బన్లు, టోపీ ఉన్న బట్టలు నిద్రకు తగవు. మేజోళ్ళ లోపలి వైపు దారాలు వేలాడుతుంటాయి. అటువంటి ఒక్క పోగు గాని, తల్లి తలవెంట్రుక గాని కాలివేలికి చుట్టుకుని బిగిస్తే వేలు వాచి ఎర్రబడుతుంది. కారణం తెలియకుండా బిడ్డ ఆపకుండా ఏడుస్తుంటే మేజోళ్ళు విప్పి వేళ్ళు చూడడం అందుకే అవసరం. తొమ్మిది నెలలు దాటిన పిల్లల నిద్రబట్టలు ఒంటికి అంటుకున్నట్టుగానైనా ఉండాలని, లేదా మంటను తట్టుకునేవిగానైనా ఉండాలని అమెరికా నిబంధన. వదులు బట్ట కింద గాలి చేరి నిప్పు త్వరగా అంటుకుంటుంది. కొత్త బట్టలన్నిటినీ ఒకసారి ఉతికే వాడండి.

ఎన్ని పొరలు వేయాలన్న విషయంలో, అదే గదిలో మీకు హాయిగా ఉన్నదానికి ఒక పొర అదనంగా అనుకుంటే సరిపోతుంది. వేడి ఎక్కువవడం కూడా నిద్రలో మరణించే ముప్పును పెంచే అంశాల్లో ఒకటి. చేతులు, పాదాలు చల్లగా ఉండడం పసిపిల్లల్లో మామూలే కనుక వాటిని చూసి మరో చొక్కా తొడగవద్దు. మెడ వెనుక గాని, ఛాతీ మీద గాని చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చెమట పట్టినా, ఒళ్ళు కాలుతున్నట్టు ఉన్నా ఒక పొర తీసెయ్యాలి. ఇంట్లో నిద్రపోయేటప్పుడు తలకు టోపీ వద్దు, ఎందుకంటే శిశువు తన ఒంటి వేడిలో చెప్పుకోదగ్గ భాగాన్ని తల నుంచే బయటికి పంపుతుంది. మొదటి పుట్టినరోజు దాటేవరకూ కప్పుకునే దుప్పటికీ, దిండుకూ తొందరపడకండి. అప్పటికి కూడా ముందు పలుచటి చిన్న దుప్పటితో మొదలుపెట్టి, దిండు సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.