సూర్యలంక వెళ్ళిన పిల్లలు మధ్యాహ్నానికి ఎందుకు వాడిపోతారు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

గుంటూరు, తెనాలి, విజయవాడల నుంచి ఆదివారం పొద్దున బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌కో, చీరాల దగ్గర వాడరేవుకో బయల్దేరి రాత్రికి ఇల్లు చేరే కుటుంబాల కోసం ఇది. అందులోనూ ఐదారేళ్ళ లోపు పిల్లలున్నవాళ్ళ కోసం. టోపీ, మార్చుకునే బట్టలు, తువ్వాళ్ళు, మందుల డబ్బా మీరే సర్దుకుంటారు, వాటి జోలికి పోను. మా చుట్టాల్లోనూ అపార్ట్‌మెంట్‌లోనూ బీచ్ ట్రిప్ అంటే ముందు నాకే ఫోన్ చేస్తారు. సాయంత్రం మళ్ళీ చేస్తారు: "ఏమైందో తెలీడం లేదు, పిల్లాడు ఒకటే ఏడుపు" అని. అప్పుడు నేనడిగే ప్రశ్న ఒక్కటే, దానికి జవాబు చెప్పగలిగినవాళ్ళు చాలా తక్కువ. ముందు తేలికైనవి చెప్పి దాని దగ్గరికి వస్తాను.

వెళ్ళేసరికే ఎండ మండిపోతోంది, పిల్ల ఇసుకలో కాలు పెట్టనంటోంది

ఆలస్యంగా బయల్దేరారు, అంతే. గుంటూరు నుంచి బాపట్ల సుమారు 50 కిలోమీటర్లు, అక్కడి నుంచి సూర్యలంక ఇంకో 9. ఇంట్లో టిఫిన్ చేసి కదులుదాం అనుకుంటే ఇసుక మీద కాలు పెట్టేది పదిన్నరకే. ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుని చీకటితోనే బయల్దేరండి. పిల్లల్ని నిద్రలోనే కార్లో పడుకోబెట్టండి, బాపట్ల దాటాక లేస్తారు. మన తీరం తూర్పు ముఖం. పొద్దుటి ఎండ సముద్రం మీద నుంచి నేరుగా మొహానికి కొడుతుంది, సాయంత్రం సూర్యుడు వెనక్కి తిరుగుతాడు. అందుకే పిల్లలతో పనికొచ్చే వేళలు రెండే: తొమ్మిదిన్నర లోపు, మూడున్నర తర్వాత. మధ్యలో సరుగుడు తోపు నీడకో, ఊళ్ళోకో వచ్చేయాలి. తోపులో చెప్పులు విప్పనివ్వకండి, రాలిన సరుగుడు కాయలు లేత పాదాలకి బాగా గుచ్చుకుంటాయి.

హైదరాబాద్ నుంచి ఒక్కరోజులో వెళ్ళిరావచ్చా అని అడుగుతుంటారు. చిన్న పిల్లలతో వద్దు. బాపట్లలోనో చీరాలలోనో ఒక రాత్రి ఉండండి.

చాప వేసిన చోటికి నీళ్ళొచ్చేశాయి, చెప్పులు కొట్టుకుపోయాయి

పోటు వేళ చూసుకోలేదు. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి పోయిన ఆదివారం చూసిన లెక్క ఈ ఆదివారానికి పనికిరాదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో పోటు పాట్ల వేళలు, పెద్ద అలల హెచ్చరికలు ఉంటాయి. బయల్దేరే ముందు రాత్రి ఒకసారి చూడండి. అదీ కుదరకపోతే గోడ మీద క్యాలెండర్ చూడండి. అమావాస్య, పౌర్ణమి దగ్గరగా ఉంటే నీళ్ళు మామూలు కంటే పైకొస్తాయి, మామూలు కంటే లోపలికి పోతాయి. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాల జనం, పెద్ద పోటు రెండూ ఒకే రోజు కలుస్తాయి. ఆ రోజు చిన్నపిల్లలతో వెళ్ళకండి.

ఇంకో మాట ఇక్కడే. పక్కన అలలు విరుగుతూ మధ్యలో ఒక్కచోట నీళ్ళు నున్నగా, ప్రశాంతంగా కనిపిస్తే "పిల్లలకి ఇది బాగుంది" అనుకుంటారు. లోపలికి లాగే ప్రవాహం తరచూ అక్కడే ఉంటుంది. పిల్లల మోకాలు దాటి నీళ్ళలోకి వద్దు, పెద్దవాళ్ళ చెయ్యి ఎప్పుడూ అందేంత దూరంలో ఉండాలి. ఈ తీరంలో మునిగిపోయిన ఘటనల తర్వాత పోలీసులు బీచ్‌లు మూసిన సందర్భాలున్నాయి. తెరిచి ఉందో లేదో ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళకి ఫోన్ చేసి కనుక్కోండి.

పిల్లాడు చంక దిగట్లేదు, నీళ్ళంటే భయపడుతున్నాడు

దిగగానే అలలోకి తీసుకెళ్ళి ముంచారు. తడి ఇసుక మీద ఓ అరగంట కూర్చుని గుంట తవ్వనివ్వండి. నీళ్ళు వాటంతటవే గుంటలోకి వస్తే వాడే లేచి అల వైపు పోతాడు. ఈలోగా ఫొటోల కోసం బలవంతం చెయ్యకండి.

మధ్యాహ్నం నుంచి చిరాకు, తిండి వద్దు, మత్తుగా వాలిపోవడం, తిరుగు ప్రయాణంలో వాంతి

నాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది దీనికే. ఇంట్లోవాళ్ళు చెప్పే కారణాలు మారవు. బీచ్‌లో తిన్న చేపల వేపుడు పడలేదంటారు, కారు పడలేదంటారు, జనంలో దిష్టి తగిలిందంటారు. నానమ్మ ఉప్పు తిప్పి పడేస్తుంది. నేను మాత్రం ఒక్కటే అడుగుతాను: పిల్లాడు ఆఖరిసారి పాస్ ఎప్పుడు పోశాడు?

అటు నుంచి కాసేపు మాట ఉండదు. తర్వాత "పొద్దున ఇంట్లో పోశాడు" అంటారు.

కారణం ఒంట్లో నీళ్ళు తగ్గిపోవడం. ఎండలో నీళ్ళు తాగాలని అందరికీ తెలుసు కదా, మరి ఇలా ఎందుకవుతుందంటే, సముద్రం దగ్గర రెండు సంగతులు కలిసి మనల్ని ఏమారుస్తాయి.

మొదటిది గాలి. గుంటూరు ఎండలో పిల్లాడు తిరిగితే చొక్కా తడిసిపోతుంది, మనమే పిలిచి నీళ్ళిస్తాం. బీచ్‌లో గాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ముట్టుకుంటే ఒళ్ళు చల్లగా ఉంటుంది, పైగా అలల్లో తడిసి ఉంటాడు. ఒంట్లో నీళ్ళు పోతున్నాయన్న అనుమానమే రాదు. దగ్గరికి తీసుకుని చూడండి: మాటిమాటికీ పెదాలు నాక్కోవడం, ఏడుస్తున్నా కన్నీళ్ళు సరిగ్గా రాకపోవడం. చిన్నవాడైతే డైపర్ పట్టుకుని చూడండి. బయట ఇసుక, సముద్రపు తడి ఉంటాయి కాబట్టి బరువుగా అనిపిస్తుంది. అది పాస్ కాదు. అందుకే నీళ్ళలోంచి రాగానే పొడి డైపర్ మార్చమంటాను. మార్చిన రెండు మూడు గంటలకీ అది పొడిగానే ఉంటే సంగతి అర్థమైపోతుంది.

రెండోదాన్ని ఎవరూ ఒప్పుకోరు. పిల్లలకి నీళ్ళు తగ్గించేది మనమే. "దారిలో పాస్ అంటే ఎక్కడికి తీసుకెళ్తాం, బీచ్‌లో బాత్‌రూములు బాగుండవు" అని బయల్దేరే ముందు నుంచే గ్లాసు సగం చేస్తాం. తల్లులైతే తమకి పూర్తిగా మానేస్తారు, చంటిబిడ్డకి పాలిచ్చే తల్లులు కూడా. నాలుగైదేళ్ళ ఆడపిల్లలు మురికి బాత్‌రూము చూసి బిగబట్టుకుంటారు, మళ్ళీ వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు వాళ్ళే వద్దంటారు. బ్యాగులో రెండు లీటర్ల సీసా మూత తియ్యకుండానే ఇంటికి తిరిగొస్తుంది. నీళ్ళు తీసుకెళ్ళాం కదా అంటారు. తీసుకెళ్ళారు, తాగించలేదు.

కాబట్టి సరిచెయ్యాల్సింది బాత్‌రూము దగ్గర మొదలవుతుంది. దారిలో ఆగే పెట్రోల్ బంక్, బాపట్లలో భోజనం చేసే హోటల్, ఈ రెండూ బాత్‌రూము చూసే ఎంచుకోండి, కూర రుచి తర్వాత. డిక్కీలో పిల్లల ప్లాస్టిక్ పాటీ ఒకటి, అందులో వెయ్యడానికి కవర్లు, చేతులు కడగడానికి డబ్బా నీళ్ళు పెట్టుకోండి. కారు తలుపు తెరిచి చీర అడ్డం పెడితే ఆడపిల్లకి ఇబ్బంది ఉండదు. ఈ ఏర్పాటు ఉంటే మీకే ధైర్యం వస్తుంది, గ్లాసు నిండా పోస్తారు.

తర్వాత, అడిగి ఇవ్వకండి. ఆటలో ఉన్న పిల్లాణ్ణి "నీళ్ళు కావాలా" అంటే వద్దనే అంటాడు. ఇరవై నిమిషాలకోసారి ఫోన్‌లో అలారం పెట్టుకుని చిన్న గ్లాసులో నాలుగైదు గుక్కలు తాగించండి. పల్చటి మజ్జిగ, కొబ్బరి నీళ్ళు, వేసవిలో ముంజలు అన్నీ మంచివే. కూల్ డ్రింక్ వద్దు. ఆరు నెలలు నిండని బిడ్డకి నీళ్ళు వద్దు, తల్లిపాలే మాటిమాటికీ ఇవ్వాలి, తల్లి బాగా తాగాలి.

అప్పటికే వాడిపోయి ఉంటే నీడకి తీసుకొచ్చి ఓఆర్ఎస్ (నీళ్ళలో కలిపి తాగించే ఉప్పు-చక్కెర పొడి) పట్టండి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళలో కలపాలి, కొద్దిగా పొడి కొద్ది నీళ్ళలో అని చేతి లెక్కలు వద్దు. లీటరు వాటర్ బాటిల్ కొని అందులోనే మొత్తం పోసేస్తే లెక్క తప్పదు. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లూ దొరుకుతాయి. వాంతి అవుతుంటే గ్లాసుతో కాదు, ఒకటి రెండు నిమిషాలకో చెంచా చొప్పున. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉందో చూడండి. పేరులో ఓఆర్ఎస్ పెట్టుకుని అమ్మిన తియ్యటి డబ్బా పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. ఆ ఫార్ములా లేని వాటి మీద ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. ఆ చక్కెర నీళ్ళు పిల్లాడికి మేలు చెయ్యవు.

ఆరు గంటలు దాటినా పాస్ రాకపోతే, కళ్ళు లోపలికి పోతే, లేపినా సరిగ్గా లేవకపోతే, ఒళ్ళు కాలిపోతుంటే ఇంటిదాకా ఆగకండి. నేరుగా బాపట్ల ఆసుపత్రికి వెళ్ళండి.

తొడలు ఒరుసుకుపోయి మంట

తడి జీన్సు, తడి డైపర్, లోపల ఇసుక. పదిహేను ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాన్ కార్లో పెట్టుకుని, నీళ్ళలోంచి రాగానే కడిగి, ఒత్తి తుడిచి, వదులు కాటన్ నిక్కరు వేయండి. ఆరిన ఇసుకని పొడి గుడ్డతో దులపండి, రుద్దకండి. మంట మొదలయ్యాక కొబ్బరి నూనె రాసి గాలికి వదిలేయండి.

మిగిలినవి

జెల్లీ ఫిష్ కుడితే సముద్రపు నీళ్ళతోనే కడిగి డాక్టరుకి చూపించండి. చేప నిజంగా పడకపోవడమూ ఉంటుంది, కానీ అలాంటప్పుడు ఎక్కువగా విరేచనాలో దద్దుర్లో కనిపిస్తాయి. కారు ప్రయాణం పడని పిల్లలకి, నిద్రలో లేకపోతే, మామూలుగా వెళ్ళేటప్పుడూ వాంతి అవుతుంది, వచ్చేటప్పుడే కాదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రమే అయిందంటే పైన చెప్పిన ప్రశ్న వేసుకోండి. పొన్నూరు చేరేలోపు ఒకసారి కారు ఆపి పాస్ పోయించండి. వస్తే ఏ రంగులో ఉందో చూడండి. ముదురు పసుపైతే ఇంటికెళ్ళే దాకా మీ పని చెంచాతోనే.