పోపు మరకలకి పాత దుప్పటి ఏప్రన్

పోపు వేసిన ప్రతిసారీ నైటీ మీద నూనె చుక్కలు, పసుపు మరకలు, ఎంత ఉతికినా పోవు. ఆన్‌లైన్‌లో కొన్న ప్లాస్టిక్ కోటింగ్ ఏప్రన్ ఏమో పది నిమిషాలకే చెమట, పైగా స్టవ్ దగ్గర భయం కూడా, అలాంటివి మంటకి కరిగి ఒంటికి అంటుకుంటాయి.

అందుకే పాత ముదురు రంగు కాటన్ దుప్పటిని రెండు మడతలేసి 32 అంగుళాల పొడవు, 26 వెడల్పు కట్ చేసి, ఛాతీ దగ్గర 10 అంగుళాలకి తగ్గించి కుట్టేశా. నడుము తాళ్లు ఒక్కోటి మీటరు పెట్టండి, వెనక్కి తిప్పి ముందు ముడేసుకోవచ్చు, కానీ కొసలు వేలాడకుండా దోపేయాలి.

ఒకటే జాగ్రత్త, తడిసిన ఏప్రన్‌తో వేడి గిన్నె పట్టుకోవద్దు, చెయ్యి చుర్రుమంటుంది (నాకైంది). గారెలు, అప్పడాలు వేయించేటప్పుడు నూనె ఎక్కువ చిందితే ఇది కూడా ఆపదు.